పదిహేడో నంబరు సీటు

బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టే విద్య మా కరీంనగర్ బస్టాండులో ప్రతివాడికీ వచ్చు. తువ్వాల లేకపోతే సంచి వేస్తారు, సంచి లేకపోతే చంకలో పిల్లాణ్ణి కిటికీలోంచి దింపుతారు. తువ్వాల ఉన్న సీట్లో ఇంకొకడు కూర్చోడు. కూర్చుంటే కొట్లాటే. వస్తువు ఒకటి, కోరేవాళ్లు పదిమంది, ఒక సమయంలో ఒక్కరికే దక్కాలి. కంప్యూటర్ తరగతుల్లో మీరు మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అని పరీక్షలో రాసేది దీని గురించే. పాతికేళ్లు ఆ పాఠం చెప్పి రిటైరయ్యాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టకముందు దాన్ని ఒకసారి తప్పుగా చేశాను. ఆ సంగతి తరగతిలో ఎన్నడూ చెప్పలేదు, సిగ్గుపడ్డాను. ఇప్పుడు మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి చెప్తున్నాను.

తొంభైల మొదట్లో మా ఊళ్లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. లెక్కల్లో ఎమ్మెస్సీ, ఆపైన హైదరాబాదులో ఏడాది కంప్యూటర్ కోర్సు. ఊళ్లో ఆ చదువు చదివిన ఆడపిల్ల నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం, దానికి తగ్గ పొగరూ ఉండేది. అప్పుడే ఒక ట్రావెల్స్ యజమాని మా సెంటరుకు వచ్చాడు. వ్యవసాయం తమ్ముళ్లకు వదిలేసి రెండు బస్సులు కొన్న మనిషి, అందరం పటేల్ అనేవాళ్లం. ఆయన బస్సు ఒకటి రోజూ బొంబాయి పోయేది. దుబాయి విమానం ఎక్కేవాళ్లు, భీవండిలో మగ్గాల మీద పనికి పోయేవాళ్లు, పెద్ద దవాఖానాలో చూపించుకునేవాళ్లు, అంతా దానిమీదే. టికెట్లు మూడు చోట్ల అమ్మేవాళ్లు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్. నిర్మల్, ఆదిలాబాద్ వైపు వాళ్లు ఆర్మూరు దాకా వచ్చి అక్కడ బస్సెక్కేవాళ్లు.

బస్టాండులో ఉన్నవాడికి తువ్వాల కంటికి కనిపిస్తుంది. మూడు ఊళ్లలో కూర్చున్న ముగ్గురికి ఒకరి తువ్వాల ఇంకొకరికి కనపడదు. చిక్కంతా అక్కడే.

మొదట్లో సీట్ల చార్టు ఒకటే, అది కరీంనగర్‌లో పటేల్ బల్ల మీద ఉండేది. మిగతా ఇద్దరూ ఫోన్ చేసి అడిగి అమ్మాలి. పద్ధతి మంచిదే కానీ పటేల్ ఫోను చెడిపోతే మూడు ఊళ్లలోనూ అమ్మకం బంద్. తరవాత సీట్లు ముందే పంచారు, నీకు పన్నెండు, నాకు పన్నెండు అని. దాంతో నిర్మల్ సీట్లు ఖాళీగా పోయేవి, జగిత్యాలలో జనం వెనక్కి పోయేవాళ్లు. చివరికి జగిత్యాల కౌంటరులో కూర్చునే పెద్దాయన ఒక దారి చెప్పాడు. ఆయన సర్కారు బస్సులో కండక్టరుగా రిటైరైన మనిషి, మేమంతా కాకా అనేవాళ్లం. సీటు అమ్మేముందు మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి అడగాలి. ఇద్దరూ సరేనంటేనే రాయాలి. ఒకే సీటుకు ఇద్దరు అడిగితే ముందు అడిగినవాడిది.

ముందు ఎవరు అడిగారన్నదే తగాదా అయింది. నిర్మల్ కౌంటరులో ఉండే అతనికి మరాఠీ, తెలుగు రెండూ ఒకే వేగంతో వచ్చు, అందరూ భావు అని పిలిచేవాళ్లు. భావు గోడగడియారం ఒక్కోరోజు ఒక్కోలా, అయిదు నిమిషాల దాకా ముందుండేది. కావాలనే పెట్టాడో, దానికి ఆ జబ్బు ఉందో తెలియదు. కాకా గడియారాలు పక్కన పెట్టించాడు. ప్రతి అడుగుడుకీ ఒక నంబరు వేయాలి, ఎదుటివాడు చెప్పిన నంబరు కంటే నీ తరవాతి నంబరు పెద్దదిగా ఉండాలి, చిన్న నంబరు వాడిదే సీటు అన్నాడు. ఈ కిటుకు అచ్చంగా ఇలాగే ఒక పెద్ద పుస్తకంలో కొన్నాళ్ల తరవాత చదివి నోరు తెరిచాను. అప్పుడు మాత్రం ముసలాయన చాదస్తం అనుకున్నాను.

చాదస్తం అనుకోవడానికి కారణం ఉంది. భావు అన్నానికి పోతే ఫోను ఎత్తేవాడు ఉండడు, అతను తినొచ్చేదాకా మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. పటేల్ విసిగిపోయి కంప్యూటర్లు పెట్టించాడు. ఆ పని నాకొచ్చింది.

నేను ఎంచుకున్నది టోకెన్ పద్ధతి. మూడు ఊళ్ల మిషన్ల మధ్య ఫోను తీగ మీద ఒక చిన్న సందేశం తిరుగుతుంది. దాన్ని చీటీ అనుకోండి. చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్లే టికెట్ కొట్టాలి. పని కాగానే సీట్ల చార్టుతో సహా పక్క ఊరికి పంపాలి. కరీంనగర్ నుంచి జగిత్యాలకు, అక్కణ్ణుంచి నిర్మల్‌కు, మళ్లీ కరీంనగర్‌కు. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు, తగాదాలు లేవు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

ఎండాకాలం వచ్చింది, కరెంటు కోతలు వచ్చాయి. చీటీ నిర్మల్‌లో ఉండగా అక్కడ కరెంటు పోతే చీటీ కూడా మాయం. మిగతా రెండు ఊళ్లలో తెర మీద 'ఆగండి' అని ఒక్క మాట. కౌంటరు ముందు జనం. పటేల్ గొంతు పెంచే మనిషి కాదు, అయినా ఒకనాడు అన్నాడు. "మిషన్లు రాకముందు ఒక్క ఫోనుతోని అయిన పని, గిప్పుడు మూడు మిషన్లు వెట్టినా అయితలేదేందమ్మా?"

నాకు రోషం వచ్చింది. ఆ వారంలోనే రెండు మార్పులు చేశాను. ఒకటి, కరెంటు పోయినా చీటీ పోకుండా ప్రతి మిషనూ దాన్ని డిస్కులో దాచుకుంటుంది. రెండు, పది నిమిషాలు చూసినా చీటీ రాకపోతే కరీంనగర్ మిషన్ కొత్త చీటీ పుట్టిస్తుంది. విడివిడిగా చూస్తే రెండూ మంచివే. రెండూ కలిస్తే ఏమవుతుందో మీలో చురుకైనవాళ్లకు ఈపాటికి తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు. కాకాకు తట్టింది.

జగిత్యాలలో కొత్త ప్రోగ్రాం ఎక్కించడానికి పోయినప్పుడు ఆయన చాయ్ తెప్పించి, నేను చెప్పింది అంతా విన్నాడు.

"పది నిమిషాలు సూస్తవ్. చీటీ రాకపోతె నిర్మల్ మిషన్ సచ్చిందనుకుంటవ్. గంతేనా బిడ్డా?"

"గంతే కాకా."

"సచ్చిందో, జర ఆలస్యమైతుందో ఈడికెల్లి నీకెట్ల ఎర్కైతది?"

"కరెంటు పోతె మిషన్ ఆగుతది. ఆగిన మిషన్ టికెట్లు అమ్మదు గద కాకా."

"మల్ల కరెంటు వస్తె?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "సూసుకుంట తీ కాకా," అన్నాను. ఆయన వదల్లేదు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటే అమ్మొచ్చని రాయి, ఒకడు లేకపోయినా పని ఆగదు, ఇద్దరిద్దరి జట్లు ఏ రెండు తీసుకున్నా ఒక మనిషి రెండింటిలోనూ ఉంటాడు, వాడు అబద్ధం ఆడకుంటే చాలు, అన్నాడు. మళ్లీ అందరినీ అడిగే పద్ధతికి పోవడం నాకు చిన్నతనం అనిపించింది. బస్సుకు టైమైందని లేచాను.

నిర్మల్‌లో కరెంటు పోయి వచ్చిన రోజులు ఆ తరవాత చాలానే ఉన్నాయి. తప్పు జరిగింది ఒక్కరోజే. అది జరిగినట్టు ఆ రోజు ఎవరికీ తెలియలేదు. ఆ విషయం నాలుగు రోజుల తరవాత ఆర్మూరులో బయటపడింది.

ఆ రోజు నేను అదే బస్సులో ఉన్నాను. భావు తన తెర తెల్లబడుతోందని ఫోన్ చేస్తే, ఆర్మూరులో దిగి నిర్మల్ బస్సెక్కుదామని బయల్దేరాను. డ్రైవరు పక్క కాబిన్లో కూర్చున్నాను. మధ్యాహ్నం జగిత్యాలలో జనం ఎక్కారు. సాయంత్రం నాలుగింటికి ఆర్మూరు చేరాం. నిర్మల్ వైపు వాళ్లు నీడన నిలబడి ఉన్నారు. అందరూ ఎక్కాక లోపల గొడవ వినిపించింది.

పదిహేడో సీట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, జగిత్యాలలో ఎక్కినవాడు. ముప్పై ఏళ్లుంటాయి, కొత్త చొక్కా, ఒళ్లో రెగ్జిన్ బ్యాగు. ఆ సీటు ముందు ఒకామె అయిదేళ్ల ఆడపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆదిలాబాద్ నుంచి వచ్చింది, భర్త అక్కడ పత్తి జిన్నింగ్ మిల్లులో పని. పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. గుండెకు బొంబాయి పెద్ద దవాఖానాలో చూపించాలట, మర్నాడే రమ్మన్నారట. ఇద్దరి చేతుల్లోనూ టికెట్లు. రెండింటి మీదా అదే తేదీ, అదే పదిహేడు.

క్లీనరు చార్టు చూశాడు. పదిహేడుకు ఎదురుగా ఆమె పేరు ఒక్కటే ఉంది.

"నీ పేరు లేదు. దిగు," అన్నాడు ఆ మనిషితో.

"టికెట్ ఉన్నది గద అన్నా."

"టికెట్ ఉంటె ఏంది, చార్టుల లేవు."

అతను చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల పాస్‌పోర్టు కాగితాలు ఉన్నాయి. "రేపు పన్నెండు గొట్టెవరకు ఏజెంటు ఆఫీసుల ఉండాలె. సాయంత్రం ఫ్లైటు. పదకొండు మందిమి గ్రూపు. పోకపోతె నన్ను ఇడిసిపెట్టి పోతరు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, అందరికీ అర్థమయ్యేలా వివరించినట్టు చెప్పాడు.

సర్దుకుని కూర్చోమని ఎవరో అన్నారు. బోర్డరు చెక్‌పోస్టులో తలలు లెక్కపెడతారని, పోయిన నెలే బండి పట్టుకున్నారని, కాబిన్లో కూడా ఎవరినీ కూర్చోబెట్టొద్దన్నారని డ్రైవరు చెప్పాడు.

నేను కాబిన్లోంచి చూస్తున్నాను. ఏం జరిగిందో నాకు అప్పుడు తెలిసిపోయింది. నిర్మల్‌లో కరెంటు పోయింది. కరీంనగర్ పది నిమిషాలు చూసి కొత్త చీటీ పుట్టించి జగిత్యాలకు పంపింది, అక్కడ కాకా పదిహేడు అమ్మాడు. ఈలోపు నిర్మల్‌లో కరెంటు వచ్చింది, మిషన్ తన డిస్కులో దాచుకున్న పాత చీటీ చూసుకుని హక్కు తనదే అనుకుంది, భావు అదే పదిహేడు అమ్మాడు. నిర్మల్ చార్టు జగిత్యాల చార్టు మీద పడి ఈ మనిషి పేరు చెరిపేసింది. అందులో ఎవరి తప్పూ లేదు, నాది తప్ప.

ఆ ప్రోగ్రాం రాసింది నేనని ఆ బస్సులో ఎవరికీ తెలియదు. నిర్మల్ బస్సు ఎదురుగా ఆగి ఉంది. దిగి అందులో ఎక్కేస్తే ఈ గొడవ క్లీనరు తీర్చుకుంటాడు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కాలు కింద కూడా పెట్టాను. మళ్లీ ఎక్కి లోపలికి పోయి, "టికెట్ల మిషన్ల ప్రోగ్రాం రాసింది నేనే. ఇద్దరి టికెట్లు సరైనవే. తప్పు నాది," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మరి సీటు ఎవలిది మేడం?"

రెండు టికెట్లూ తీసుకుని వాటి మీద టైము చూశాను. అతనిది పదకొండు ఇరవై. ఆమెది పదకొండు ఇరవై రెండు. కానీ నిర్మల్ మిషన్‌కు టైము పెట్టింది భావు, తన గోడగడియారం చూసి, అది ఆ రోజు ఎంత ముందుందో ఎవరికీ తెలియదు. ఏది ముందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. "నాకు తెల్వదు," అన్నాను. అంతమంది ముందు ఆ మాట అనడం నా జీవితంలో అదే మొదటిసారి.

పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి అతన్నే చూస్తోంది. అతను లేచాడు.

"చిన్నపొల్ల. కూసోనియ్యుండ్రి," అన్నాడు. బ్యాగు భుజాన వేసుకున్నాడు.

బోర్డరు ఇంకా దూరం కాబట్టి నిజామాబాదు దాకా ఇద్దరం కాబిన్లో పోయాం. అక్కణ్ణుంచి మన్మాడ్ పోయే బండి ఉంది, మన్మాడ్‌లో ఇంకో బండి మారితే బొంబాయి. స్టేషన్లో టికెట్ కొని ఇచ్చాను. బండి ఆలస్యం. బెంచీ మీద కూర్చున్నాం. వేములవాడకు దగ్గర్లోని మరమగ్గాల ఊరు అతనిది. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు, అతను నాలుగు సాంచాలు నడిపేవాడు. వీసా కోసం రెండేళ్లు తిరిగాడట. నేను ఊరుకోలేక, జరిగిందంతా చీటీల లెక్కతో సహా అతనికి చెప్పాను. బుద్ధిగా విన్నాడు.

"సాంచె మీద పోగు తెగితె సాంచె ఆగాలె మేడం. ఆగకుంటె గజాలకు గజాలు బట్ట ఖరాబైతది. మీ మిషన్ ఎందుకు ఆగలే?"

"మొదట్ల ఆగేది. జనం లొల్లి వెడ్తుండ్రని ఆగకుంట నేనే రాసిన."

అతను తల ఊపాడు. కోపం చూపించి ఉంటే నాకు తేలికగా ఉండేది. బండి వచ్చింది. జనరల్ బోగీలో తోసుకుంటూ ఎక్కి, తలుపు దగ్గర నిలబడ్డాడు. బండి కదిలేదాకా ఉన్నాను.

మర్నాడు పటేల్‌కు అంతా చెప్పాను. "నిర్మలోడు చేసిండా?" అన్నాడు. భావు మీద పెట్టేయడానికి ఒక్క మాట చాలు, పాపం అతనికి ఇంట్లో నలుగురు తినేవాళ్లు. "నేను చేసిన," అన్నాను. పటేల్ చాలాసేపు పేపరు మడతపెట్టి విప్పాడు. "ఆ మనిషి సంగతేందో తెల్సుకో," అన్నాడు చివరికి.

తెలుసుకుని చెప్పింది కాకా. మన్మాడ్ బండి దారిలో ఇంకా ఆలస్యమైందట. అతను ఏజెంటు ఆఫీసుకు పోయేసరికి సాయంత్రమైంది. పదిమంది వెళ్లిపోయారు. అతని వీసా చెల్లకుండా పోయింది. ఊరికి తిరిగిరావడానికి మొహం చెల్లక భీవండిలోనే సాంచాల మీద చేరాడు. కాకా ఈ మాట చెప్పి, నేను ముందే చెప్పిన కదా అనలేదు. ఆ మంచితనానికి నేను ఇంకా కుంగిపోయాను. ఇంటికి పోయి ఏడ్చాను.

తరవాత నెల రోజులు కూర్చుని ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాశాను, కాకా చెప్పినట్టు. ఒక మిషన్ సీటు అమ్మాలంటే ఇంకో మిషన్ ఒప్పుకోవాలి. ముగ్గురిలో ఇద్దరుంటే పని నడుస్తుంది. ప్రతి ఒప్పుకోలుకూ ఒక నంబరు, అది పెరుగుతూనే ఉంటుంది. నిద్రలేచిన మిషన్ పాత నంబరు చూపిస్తే మిగతావి కాదంటాయి. ఇద్దరు దొరక్కపోతే ఆగుతుంది. పటేల్ ఎంత గొణిగినా ఆ ఆగడాన్ని తీసేయలేదు. ఏడాదిన్నరలో ఒక్క సీటు కూడా రెండోసారి అమ్ముడుపోలేదు. నా పొగరు మెల్లగా తిరిగొచ్చింది, కాస్త చిక్కిపోయి.

ఒకరోజు పొద్దున జగిత్యాలలో ప్రింటరు రిబ్బను మారుస్తున్నాను. కౌంటరు ముందుకు ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. చూడగానే గుర్తుపట్టాను, అతనూ గుర్తుపట్టాడు. ఊరికి వచ్చి మళ్లీ వీసా సంపాదించాడు. ఈసారి బావమరిది పంపించాడట.

"బొంబాయికి రెండు సీట్లు ఇయ్యుండ్రి," అన్నాడు కాకాతో.

"ఇద్దరు పోతున్నరా?"

"లే. నేనొక్కన్నే."

కాకా నా వైపు చూశాడు. నేను రిబ్బను వదిలేసి కౌంటరు దగ్గరికి వచ్చాను. మిషన్లు ఇప్పుడు ఎలా పనిచేస్తాయో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒకటి ఒప్పుకోనిదే ఇంకొకటి అమ్మలేదని, పాత నంబరు చెల్లదని, ఏ రెండు జట్లు తీసుకున్నా రెండింటిలోనూ ఒకరు ఉంటారని. అతను మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు అడిగాడు, నా విద్యార్థులు ఆ తరవాత ఎన్నడూ అంత మంచి ప్రశ్నలు అడగలేదు. జవాబులు చెప్పాను. అతనికి అర్థమైంది, మొహంలో తెలిసింది.

"ఇప్పుడు పోగు తెగితె ఆగుతదన్నట్టు," అన్నాడు.

"ఆగుతది."

"మంచిగ చేసిండ్రు మేడం." భార్య వైపు చూశాడు. "అయినా రెండు ఇయ్యుండ్రి."

అతని భార్య అప్పటికే కొంగు ముడి విప్పుతోంది. రెండో టికెట్ ఊరికే ఇస్తానన్నాను, ఆ డబ్బు నేను కడతానన్నాను. ఆమె అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

"ఊకెనే ఇచ్చింది మల్ల గుంజుకుంటరమ్మా. పైసలు తీసుకోండ్రి," అంది.

తీసుకున్నాను. మిషన్ కరీంనగర్‌ను అడిగింది, అది సరేనంది. రెండు టికెట్లు కొట్టి అతని చేతిలో పెట్టాను. ఆ రోజు బస్సు బొంబాయి దాకా అతని పక్కన ఒక ఖాళీ సీటుతో పోయింది. నా తెర మీద మాత్రం బస్సు నిండింది.